పొయ్యి వెలగని శనివారం

మే నెల, రెండో శనివారం సాయంత్రం. బంగారు గనుల ఊరు ఊరిగాంలో, కార్మికుల వరస ఇళ్ళలో ఒకటైన మా లైనిల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, పక్కింటి చెల్లెమ్మ, ఆమె కోడలు, వానకు మా ఇంట్లో చిక్కుకుపోయిన వీధిచివరి అంగడాయన.

ఆ రోజు డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. కింద రాయడానికి ఏమీ జరగలేదు. జరగకపోవడమే ఆ సాయంత్రం.

చెల్లెమ్మ కొడుకు సైన్యంలో, సరిహద్దు కొండల్లో ఉన్నాడు. కోడలికి ఏడో నెల. బుధవారం సీమంతానికి అతను సెలవు మీద రావాలి. సరిగ్గా ఆ వారమే, మనతో దగ్గర స్నేహం ఉన్న ఒక పెద్ద దేశం మనకు సరిపడని పక్క దేశంతో మాటలకు కూర్చుంది. ఏం మాట్లాడుతున్నారో మనకు చెప్పలేదు. అతని ఫోను కూడా పలకడం మానేసింది. ఈ రెండిటికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు, కానీ వీధంతా ముడిపెట్టేసింది.

రేకుల కప్పు మీద వాన మోతకు టీవీలో మాట వినబడలేదు. బొమ్మే కనబడుతోంది. ఒక మూసిన తలుపు, దాని ముందు ఇద్దరు కాపలావాళ్ళు. తిప్పితిప్పి అదే.

“మన వియ్యంకుడు పోయి, మన మీద కోర్టుకెక్కినోని ఇంట్లో బిరియానీ తింటా ఉండాడు. అట్ల ఉండాది కథ,” అన్నాడు అంగడాయన.

“తిననీప్పా. వచ్చి ఏం చెప్తాడో చూస్తాం,” అంది నా భార్య.

“ఏం చెప్తాడు? ఉప్పు తక్కువైందని చెప్తాడు.”

కోడలు నవ్వింది. చెల్లెమ్మ టీవీలోని తలుపు మీది నుంచి చూపు తిప్పలేదు.

“పాపా, ఏమన్నా తిన్నావా?” అని నా భార్య అడిగింది.

కోడలు అత్త వైపు చూసి, “పొద్దున్నుంచి పొయ్యి ముట్టించలేదు పెద్దత్తా,” అంది.

నాకు అర్థమైంది. గనులు నడిచే రోజుల్లో లోపల బండ పేలితే సైరన్ మోగేది. మా లైన్లో ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. మొగుడు పైకి వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు, ఎవరూ తప్పలేదు. నేను అప్పుడు గని టైమాఫీసులో హాజరు రాసే గుమాస్తాను. అధికారులు తలుపు వేసుకుని కూర్చుంటే, కిటికీలోంచి బయటివాళ్ళకు జవాబు చెప్పడం నా పని. చెల్లెమ్మ ఆ కిటికీ పట్టుకుని నిలబడిన రోజున, చెయ్యి నలిగినా ఆమె భర్త ప్రాణంతో పైకి వచ్చాడు. ఆమెకు ఆ నియమం మీద నమ్మకం అలా పాతుకుంది.

“ఏమన్నా తెలిసినాదా అన్నా?” అంది నా వైపు చూడకుండా.

“లోపల మాట్లాడతా ఉండారమ్మా,” అన్నాను.

అప్పట్లో ఆ కిటికీలోంచి నేను చెప్పిన మాటలు కూడా ఇవే.

నా భార్య రాగిముద్ద, ఆకుకూర పులుసు తెచ్చి కోడలి ముందు పెట్టింది. ఆ పిల్ల చెయ్యి చాపలేదు.

“వాడు పైకి రానీ,” అంది చెల్లెమ్మ.

కోడలు అంది: “అత్తా, ఆయన గనిలో లేడు. కొండ నెత్తిన ఉండాడు. ఇంగ యాడికి పైకి వచ్చేది? నాకు ఆకలేస్తా ఉండాది.”

అంగడాయన నవ్వబోయి దగ్గాడు. కోడలు కంచం దగ్గరికి లాక్కుంది. చెల్లెమ్మ చెయ్యి కంచం వైపు కదిలింది. ఆపుతుందనుకున్నాను. ఆమె ముద్దలో గుంట చేసి, “ఇంకొంచెం పులుసు వెయ్యి వదినా,” అంది. తను మాత్రం తినలేదు.

వాన తగ్గలేదు. టీవీ ఆపుదామని రిమోటు తీసుకున్నాను. నా వల్ల కాలేదు. తలుపు తెరుచుకునేది మేం చూడని ఆ క్షణంలోనేనేమో అనిపించింది. అందరం అలాగే కూర్చున్నాం.

మరుసటి ఉదయం టీవీలో ఆ తలుపు తెరుచుకుంది. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి, మాటలు బాగా సాగాయని, మళ్ళీ కూర్చుంటామని చెప్పారు. మన ఊసే లేదు. కాసేపటికి పక్కింట్లో ఫోను మోగింది. మధ్యలో ఒక్క గోడే కాబట్టి అంతా వినబడింది. అతను బాగానే ఉన్నాడు. సెలవులు ఆపేశారు. ఎప్పటిదాకానో పైవాళ్ళు చెప్పలేదట. చెల్లెమ్మ ఫోను తీసుకుని ఒక్కటే అడిగింది: “తిన్నావా నాయనా?”

తర్వాత గ్యాసు ముట్టించిన చప్పుడు, దోసె పోసిన చప్పుడు వచ్చాయి. కోడలికి పెట్టి, తనకు పోసుకోకుండానే చెల్లెమ్మ పొయ్యి ఆపేసింది.