పెదనాన్న నిమ్మ మొక్కలకు పిట్టల కాపలా

మొన్న పొద్దున బాల్కనీలో కరివేపాకు తుంచబోతే ఆకు మీద పిట్ట రెట్ట కనిపించింది. తుడవబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా పెదనాన్న ఈ రెట్టను నమ్మే నిండా మునిగాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేట దగ్గర అడవి అంచున పొలం కొన్న మనిషి ఆయన. సొంతూళ్లో వాళ్లమ్మ పెంచిన నిమ్మచెట్టు గాలివానకు కూలిపోతే, దాని ఆఖరి కాయల గింజలు తెచ్చి ఇక్కడ వేశాడు. పన్నెండు మొలిచాయి. వాళ్లమ్మ చేతి చెట్టుకు మిగిలిన ఆనవాలు అవే. కన్నపిల్లల్ని కూడా ఇంత ముద్దు చేయలేదని పెద్దమ్మ దెప్పుతుండేది.

ఆ వానాకాలం లేతాకుల మీద నల్లగా, నడుమ తెల్లమచ్చతో రెట్టలు పడ్డాయి. "చూశారా, పిట్టలు కాపలా కాస్తున్నాయి. ఇక మన మొక్కలకి పురుగు భయం లేదు!" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. మందు కొడదామన్న పెద్దమ్మను కసిరాడు. మొక్కలేమో రోజురోజుకీ బోడిగా తయారవుతున్నాయి. మేకల మీద అనుమానంతో చుట్టూ ముళ్లకంప కట్టాడు.

చివరికి గూడెం నుంచి కలుపు తీయడానికి వచ్చే అక్క చూడలేక చెప్పేసింది. "పెద్దయ్యా, గవి రెట్టలు గావు, పురుగులే. ఏలు పెట్టి చూడరాదూ!" పెదనాన్న ముట్టుకోగానే ఆ రెట్ట తలలోంచి నారింజరంగు కొమ్ములు రెండు పొడుచుకొచ్చాయి, ఘాటు వాసనతో సహా. ఆయన వెనక్కి గెంతి తను కట్టిన కంపలోనే పడ్డాడు. చుట్టూ మూగిన పిల్లలం మేం పగలబడి నవ్వాం. కానీ అప్పటికి నాలుగు మొక్కలే ప్రాణంతో ఉన్నాయి. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి కళ్లజోడు పెట్టుకుని ఆకు ఆకూ తిరగేసేవాడు. గసగసాలంత పసుపు గుడ్లు, రెట్టల్లాంటి పిల్లలు, ఒళ్లు చేసి ఆకుపచ్చగా మారినవి, దేన్నీ వదిలేవాడు కాదు. "మా దిక్కు మారేడు మీద గూడ గివే ఉంటయి" అని అక్క అనడంతో అన్నిటినీ ఆకుతో సహా అడవిలోని మారేడు చెట్టుకు చేరవేసేవాడు. నలిపి పారేయొచ్చుగా అని నేనంటే, "నా మీద కక్షతో తినలేదు కదే, ఆకలేసి తింది" అనేవాడు. కొన్నాళ్లకు ఆ మారేడు కొమ్మకు నడుము చుట్టూ దారం బిగించుకుని ఆనుకున్న గూడొకటి కనిపించింది. ఒక పొద్దున అందులోంచి సీతాకోకచిలుక వచ్చింది. నల్లటి రెక్కల నిండా లేతపసుపు మచ్చలు, కింది అంచున ఎర్రబొట్టు. "ఓసి దీని దుంపతెగ! మా ఊళ్లో అమ్మ చెట్టు చుట్టూ తిరిగేది ఇదే. నిమ్మ ఉన్నచోటల్లా ఉంటుందన్నమాట" అన్నాడు, చుట్టం కనబడ్డట్టు.

ఆ నాలుగూ బతికాయి. ఆరో ఏడు ఒకదానికి తొలికాయ కాసింది. పండేదాకా ఎవరూ తాకొద్దని మమ్మల్ని కట్టడి చేసిన మనిషి, తానే ఆగలేక పచ్చికాయను గోటితో గీరి ముక్కుకు ఆనించుకున్నాడు. కళ్లు మూసుకుని "అమ్మా" అన్నాడు, అంతే. అరవై ఏళ్లు వెనక్కి వెళ్లడానికి ఆయనకు ఒక్క గోటి గీత సరిపోయింది.