పొద్దున బియ్యం, సాయంత్రం పూలు

అరవై తొమ్మిదిలో నేను సంగారెడ్డి బజారులోని ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. ముందు గదిలో దుకాణం, వెనుక ఇల్లు. మిరప బస్తాల ఘాటుకు కొత్తలో రోజంతా తుమ్మేదాన్ని. ఇంటి పెద్ద కోడలు, మా యారాలు, నవ్వి తడిపిన గుడ్డ ఇచ్చి ముక్కుకు అడ్డం పెట్టుకోమనేది. నేనామెను అక్కా అన్నాను. ఆమె నన్ను చెల్లె అంది.

అక్క భర్త, మా బావగారు, యుద్ధ విమానాలు నడిపేవారు. తరాజు తప్ప మరొకటి పట్టి ఎరగని ఇంట్లో అది ఎవరికీ మింగుడుపడని సంగతి. సెలవు మీద వచ్చినప్పుడు అత్తమ్మ కొడుకు విస్తరి ముందు కూర్చుని అడిగేది.

"గా మోటరు ఆకాశంల ఆగిపోతే ఏం జేస్తవ్‌రా?"

"దిగి నూకుతనే అమ్మా."

విమానం ఎలా వంగి తిరుగుతుందో పెరుగన్నం అంటిన చేతులతోనే చూపించేవారు. "జెర చెయ్యి కడుగుండ్రి, ఇమానం నిండ మెతుకులున్నయ్," అనేది అక్క. ఆ నవ్వులు నాకిప్పటికీ వినబడతాయి.

డెబ్భై ఒకటి డిసెంబరు యుద్ధంలో ఆయన విమానం సరిహద్దు దాటి వెళ్లి తిరిగి రాలేదు. ఆచూకీ తెలియలేదని టెలిగ్రాం వచ్చింది. కొన్నాళ్లకు ఆయనతో పనిచేసిన ఒకాయన ఇంటికి వచ్చి, పారాచూట్ తెరుచుకోవడం కళ్లారా చూశానన్నాడు. తెరుచుకుంటే దిగి ఉంటారు. దిగితే పట్టుకుని ఉంటారు. పట్టుకుంటే బతికి ఉన్నట్టే. ఇల్లంతా ఆ మాట మీదే నిలబడింది. బందీలను వదిలిపెట్టినప్పుడు వచ్చినవారిలో ఆయన లేరు. తమ దగ్గర ఇంకెవరూ లేరని అవతలివాళ్లన్నారు. ఏదో జైలులో మనవాళ్లు ఇంకా ఉన్నారని ఇంకెవరో అన్నారు. అక్క ఢిల్లీ దాకా వెళ్లి అడిగి వచ్చింది. పోయారని చెప్పినవారు లేరు, ఉన్నారని చూపినవారు లేరు.

మా ఇంట్లో తిథులు గుర్తుంచుకునే పని నాది. మామయ్యగారిది, ఆయన తండ్రిది, ముత్తాతది, ఎవరిది అడిగినా చెబుతాను. బావగారిది మాత్రం విమానం తిరిగిరాని రోజు ఒక్కటే నా దగ్గర ఉంది. అది ఆయన పోయిన రోజు అనడానికి లేదు.

మా వైపు పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు పొద్దున్నే పోయిన పెద్దలకు బియ్యం ఇస్తాం. మోదుగాకు విస్తర్లలో ఒక్కొక్కరి పేరున బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి పురోహితుడైన అయ్యగారికి ధారపోస్తాం. అదే రోజు సాయంత్రం మొదటి బతుకమ్మ. ఆడి వచ్చాక ముత్తయిదువలు గౌరమ్మ పసుపు పుస్తెలకు అద్దుకుంటారు. బావగారి పేరున పొద్దున విస్తరి పెడితే, సాయంత్రం అక్కకు ఆ పసుపు లేదు. కాబట్టి పెట్టలేదు. ప్రతి ఏడూ ఆమె నాతో పాటే ఆడింది.

పూల కోసం పండగ ముందు రోజు మేమిద్దరం బొల్లారం పక్కన అక్క పుట్టింటివాళ్ల చెలకకు వెళ్లేవాళ్లం. గట్ల వెంట తంగేడు, చేలో మోకాలెత్తు తెల్లటి గునుగు. ఇప్పుడక్కడ మందుల ఫ్యాక్టరీ గోడ, షిఫ్టు దిగినవాళ్ల కోసం నిలబడ్డ బస్సులు, ముక్కు మూసుకోవాల్సిన గాలి. అప్పట్లో తంగేడు వాసనే. దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానాలు నెత్తి మీదుగా పోయేవి. నేను తలెత్తి చూసేదాన్ని. అక్క పూలు తెంపుతూనే చప్పుడు వినేది.

"వీడు కొత్తోడు చెల్లె. మల్పుతుంటె భయపడుతుండు."

"నీకెట్ల తెలుసే?"

"నా మొగడు నేర్పిండు. అన్నం తినుకుంట."

ఎనభై మూడు పెత్రమాస నాడు అయ్యగారు బావగారి మాట కదిపారు. "పన్నెండేండ్లు జాడ లేకుంటె పోయినట్టే లెక్కమ్మా. తిథి తెలవనోళ్లకు గీ అమాసనే."

"ఇంక రెండు నెలలు తక్కువున్నయ్ అయ్యగారు," అన్నాను. అత్తమ్మ నన్ను గుర్రుగా చూసింది. జాలిపడి అన్న మాట కాదది. డిసెంబరుకు గానీ పన్నెండు నిండవు, అంతే. ఆయన వచ్చే ఏడు చూద్దామన్నారు. వంటింట్లోకి వెళితే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది.

మరుసటి ఏడు నేను విస్తర్లు పరిచి లేచేసరికి చివరన ఇంకొకటి ఉంది. అత్తమ్మ అందులో బియ్యం పోస్తోంది. అక్క బీరకాయలు తెచ్చి, ఆ విస్తరి చూసి ఆగిపోయింది.

"అదెవరికి అత్తమ్మ?"

"నా కొడుక్కు." అత్తమ్మ తలెత్తలేదు. "నువ్వు నీ పుస్తె సూస్కుంటున్నవ్. వాని కడుపెవరు సూడాలె? ఏడున్నడో, ఎన్నేండ్ల సంది ఆకలిగొన్నడో."

అక్క గోడకానుకుని కూర్చుంది.

"ఇయ్యి అత్తమ్మ. కన్నదానివి, నేనెట్ల వద్దంట? పొద్దుమూకి బతుకమ్మకు మీరు వొయ్యి రాండ్రి. నేను ఇంట్లనే ఉంట."

కాలు ముందుకు చాపి మెట్టె తిప్పడం మొదలుపెట్టింది. వేలు లావెక్కిందేమో, అది రాలేదు. నీళ్లతో తడిపి మళ్లీ తిప్పింది. అత్తమ్మ ఆ వేలి వైపే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి లేచి, విస్తరెత్తి బియ్యం డబ్బాలోకి ఒంపేసింది.

"ఏం కూసున్నరిద్దరు? తంగేడు వాడిపోతున్నది. జల్దీ బతుకమ్మ పేర్సుండ్రి."

ఆ సాయంత్రం అక్కకు పసుపు పెట్టింది అత్తమ్మే. మామయ్యగారు పోయిన ఆమె పెట్టకూడదని వీధిలో ఎవరో గొణిగితే, "నా కోడలు, నా పసుపు, నీకేంది?" అని నోరు మూయించింది. ఆ రోజు నుంచి బతికినంత కాలం పెత్రమాస నాడు ఆమె దీపాలు పెట్టేదాకా తినలేదు. అడిగితే ఆకలిగా లేదనేది.

అత్తమ్మ పోయాక ఆమె పేరునా విస్తరి చేరింది. మా ఆయనదీ చేరింది. బజారు ఇల్లు పోయింది. వెలిమెలలో నా కొడుకు కొన్న ఫ్లాటుకు నేనూ అక్కా వచ్చాం. అక్కడా బతుకమ్మ ఆడతారు, పార్కింగులో, స్పీకర్లు పెట్టి. అక్క కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టేది. పువ్వులు మార్కెట్‌లో కొన్నవని రోజంతా సణిగేది.

రెండేళ్ల కింద ఆమె మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"చెల్లె, నేను పోయినంక ఆయనకు గూడ బియ్యం ఇయ్యి."

"ఉన్నడేమో అక్కా."

"ఉంటె ఎన్నేండ్లుంటయ్? లెక్కలదానివి గదా, చెప్పు."

"ఎనభై రెండు."

"అత్తమ్మ ఏటేట కడుపు మాడ్సుకున్నది. నేను సూడలేదనుకున్నవా? నా పుస్తె అడ్డమున్నది గనుక ఊకున్న. నేను పోయినంక ఇగ అడ్డమేంది?"

పది రోజులకు ఆమె పోయింది. కాళ్లకు పసుపు నేనే రాశాను. మెట్టెలు అలాగే ఉంచాను.

ఆ తర్వాత వచ్చిన పెత్రమాసకు ఒక కుర్ర అయ్యగారు స్కూటీ మీద వచ్చారు. నా కొడుకు ధారపోయడానికి కూర్చున్నాడు. ఒక్కో పేరూ తిథీ నేను చెబుతూ వచ్చాను. అక్కది చెప్పాను. తర్వాత బావగారి పేరు చెప్పి ఆగాను.

"తిథి అమ్మా?"

"తెలవదు."

"ఎప్పుడు పోయిండ్రు?"

"గది గూడ తెలవదు అయ్యగారు. పోయిండో లేదో తెలవదు."

ఆయన చేతిలో దర్భ అలాగే ఉండిపోయింది. "గట్లెట్ల ఇస్తరమ్మా?"

"ఆయన పెండ్లాం ఇయ్యమన్నది. ఇప్పుడు అడ్డం లేదన్నది."

ఆయన దర్భ సవరించుకున్నారు. నేను బియ్యం పోశాను, పప్పు వేశాను, రెండు బీరకాయలు పెట్టాను. నా కొడుకు విస్తరెత్తి, "ఏడ పెట్టాలె అమ్మా, తాత పక్కన్నా?" అన్నాడు.

"పెద్దమ్మ పక్కన పెట్టు," అన్నాను.