గోడ మీద మా పిల్ల

మా బావ అక్షరాలు రాసి బతుకుతాడు. కాగితం మీద కాదు, గోడల మీద. "ఇచ్చట చెత్త వేయరాదు", "వాహనములు నిలుపరాదు", "మీ ఆరోగ్యం మీ చేతిలో" లాంటి పురపాలక సంఘం వారి హితబోధలన్నీ ఆయన కుంచెలోంచి వెలిసినవే. వాటిని ఎవరూ చెవిన పెట్టరు గానీ అక్షరాలు మాత్రం ముచ్చటగా ఉంటాయి. చెత్త పోయడానికి వచ్చినవాడు కూడా ఒక్క క్షణం ఆగి, "అబ్బ, ఏం రాశాడ్రా!" అని మెచ్చుకుని మరీ పోసి వెళ్తాడు.

ఊళ్ళో ఆయన్ని అక్షరాలాయన అంటారు. నలభై దాటిన మనిషి, సన్నగా నిచ్చెనలా ఉంటాడు, గోళ్ళలో ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఆయన పనిలో ఒక వింత ఉంది. ఏం రాస్తున్నాడో ఆయనకు తెలియదు. చదువు లేక కాదు. చేతికిచ్చిన చీటీలోంచి ఒక్కో అక్షరం తీసుకుని, దాని వంపు, దాని ఒత్తు, పక్కదానితో ఎడం చూసుకుంటూ పోతాడు తప్ప మాటను మాటగా చదవడు. సాయంత్రం "ఇవాళ ఏం రాశావు బావా?" అంటే, "పెద్ద పని రా, 'క్ష' రెండుసార్లు వచ్చింది" అంటాడు. మా అక్క నెత్తి కొట్టుకుంటుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, నా మేనకోడలు. ఐదో తరగతి. బొద్దుగా ఉంటుంది, ముందు పన్ను ఊడి కొత్తది ఇంకా రాలేదు, ఎడమ చెవి కాస్త బయటికి వచ్చి ఉంటుంది. బడికి నడిచి వెళ్ళేది, నడిచి వచ్చేది. వస్తూ వస్తూ నా సైకిలు రిపేరు కొట్టు ముందు ఆగి, "మామయ్యా, ఒక్క రౌండు" అని ఎవరిదో ఒక సైకిలెక్కి సందు చివరిదాకా తొక్కి వచ్చేది. ఆ సైకిలు గలవాడు నన్ను తిట్టిపోసేవాడు. ఆ తిట్లు నేను పడేవాణ్ణి.

నా కొట్టుకు ఎదురుగా పిల్లల ఆటస్థలం ఉండేది. ఉండేది అంటున్నాను, చూడండి. పురపాలక సంఘం వారు దానికి గేటు పెట్టి, గేటుకు తాళం వేసి, లోపల తమ కార్లు పెట్టుకున్నారు. ఉయ్యాల కడ్డీకి ఇప్పుడు డ్రైవర్లు తువ్వాళ్ళు ఆరేసుకుంటారు. పిల్లలు వీధిలో ఆడితే బస్సుల భయం. పక్కన నడుద్దామంటే కాలిబాట నిండా దుకాణాల సామాను. బళ్ళో కుళాయి ఎండిపోయి ఎన్నాళ్ళైందో ఎవరికీ గుర్తులేదు. దాహమేస్తే బడి గేటు దగ్గర కూల్‌డ్రింకుల బండి ఉంది కదా! ఆ బండి మీద "పురపాలక సంఘం అనుమతి పొందినది" అని రాసింది కూడా మా బావే. చాలా అందంగా రాశాడు.

అలాంటి ఊళ్ళో ఒక రోజు పెద్దలకు జ్ఞానోదయమైంది. పిల్లలు లావైపోతున్నారట! ఎందుకైపోతున్నారబ్బా అని తలలు పట్టుకున్నారట. తలుపులు వేసుకున్న గదిలో, బిస్కెట్లు తింటూ ఆలోచించారట. తాళం తీస్తే సగం పని అయ్యేది. కుళాయి బాగుచేయించి, ఆ బండిని నాలుగు వీధుల అవతలికి తోలితే మిగతాది అయ్యేది. కానీ తాళం తీయడానికి వేదిక వేయరు, దండలు వేయరు. అందుకని ప్రచారం పెట్టారు. ఖర్చంతా ఆ కూల్‌డ్రింకుల కంపెనీదే. నేను కల్పించి చెప్పడం లేదు, ఇంత సిగ్గులేనితనం కల్పించేంత తెలివి నాకు లేదు.

ఆటస్థలం ప్రహరీ మీద పెద్ద బొమ్మ వేయాలని ఆరోగ్య విభాగం ఆఫీసరు బావను పిలిపించాడు. లావుపాటి పిల్ల సీసా ఎత్తి తాగుతున్నట్టు ముందు చెప్పాడు. కంపెనీ మనిషి పక్కనుంచి దగ్గాడు. సీసా పోయి చేతిలోకి రొట్టె వచ్చింది.

బావకు బొమ్మలు రావు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. వెనకెప్పుడో మంగలి కొట్టు మీద గడ్డం గీయించుకునే మనిషిని వేస్తే, పళ్ళ డాక్టరనుకుని జనం లోపలికి వెళ్ళారు. ఈసారి మాత్రం పట్టుదల వచ్చింది. కూతుర్ని బల్ల ముందు కూర్చోబెట్టి, చేతికి రొట్టె ఇచ్చి, చూసి చూసి గీశాడు. ఆ పిల్ల కదలకుండా కూర్చోలేక నవ్వుతూ తిన్నది. తినగా ఇంకో రొట్టె ఇచ్చాడు.

జన్మలో మొదటిసారి ఆయన బొమ్మ కుదిరింది. ఊడిన పన్నూ, బయటికొచ్చిన చెవీ, నములుతున్న బుగ్గా అన్నీ గోడెక్కాయి. అచ్చం మా పిల్లే! సాయంత్రం దానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. స్నేహితురాళ్ళను వెంటేసుకొచ్చి, "మా నాన్న వేశాడు, నేనే!" అని చూపించింది. వాళ్ళు కుళ్ళుకున్నారు. నేను కూడా అందరికీ టీ ఇప్పించాను.

గోడలు రాసేవాళ్ళ పనిలో బొమ్మ ముందు, అక్షరాలు తర్వాత. రంగు ఆరాక, మర్నాడు మధ్యాహ్నం చీటీ పట్టుకుని నిచ్చెనెక్కాడు. నేను ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ కోసం చూస్తున్నాను. బడి వదిలే వేళకి తలెత్తితే గోడ మీద ఎర్రటి అక్షరాలు: "మీ బిడ్డను ఇలా కానివ్వకండి".

నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా! ఏం రాశావో చదివావా?" అని అరిచాను.

"ఏరా, ఒత్తులేమైనా తప్పాయా?" అన్నాడు పైనుంచి.

జవాబు చెప్పేలోగా పిల్లలు వచ్చేశారు. కొత్తగా ఏది కనబడ్డా గట్టిగా చదవడం వాళ్ళకు అలవాటు. అందరూ కలిసి, బళ్ళో పాఠం చదివినట్టు, రాగం తీస్తూ చదివారు. మా పిల్ల కూడా వాళ్ళతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. నిచ్చెన మీదున్న తండ్రి వైపు చూసింది. ఆయన అప్పుడు చదివాడు.

ఆ సాయంత్రమే బావ గోడ మొత్తానికి సున్నం కొట్టేశాడు. ఆఫీసరు మండిపడి, ఇక పని ఇవ్వనని పంపేశాడు. అయినా పోయేదేముంది, సున్నం పడకముందే ఫొటో తీయించి ఉంచారు కదా. పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చు వేయించి చెత్త బళ్ళన్నింటికీ అంటించారు. పొద్దున్నే పాట పెట్టుకుని బండి మా సందులోకి వస్తే, దాని వీపున మా పిల్ల రొట్టె తింటూ ఉండేది.

బావతో పాటు నేనూ ఆఫీసుకు వెళ్ళాను. "సార్, మొహం ఒక్కటి మార్చండి. నా కూతురు సార్" అని బావ బతిమాలాడు.

"మొహం మారిస్తే ఎలాగయ్యా? బలమంతా ఆ మొహంలోనే ఉంది. పైవాళ్ళు చూసి చంకలు గుద్దుకున్నారు" అన్నాడు ఆఫీసరు.

"మీ పాప బొమ్మ వేయించుకోకపోయారా?" అన్నాను నేను.

"మా పాప లావు కాదు" అన్నాడు, చాలా శాంతంగా. వాళ్ళ పాప ఎక్కడో డబ్బు కట్టి ఈత నేర్చుకుంటుందట. ఆయన్ని అక్కడే తన్నాలనిపించింది. తన్నలేదు, నా చేతకానితనం.

పిల్ల నడక మానేసింది. బడికి పంపాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. అక్క రిక్షా మాట్లాడి, తల మీద కొంగు కప్పి తీసుకెళ్ళేది. పిల్ల సైకిలు సంగతే మరిచిపోయింది. చెత్త బండి పాట వినబడగానే వెనక గదిలోకి పోయి తలుపేసుకునేది. బడి నుంచి వచ్చింది మొదలు ఆ గదిలోనే. చూస్తుండగానే ఇంకా లావైంది. ప్రచారం వల్ల ఊళ్ళో ఎవరికైనా ఏమైనా అయిందంటే అది మా పిల్లకే.

అక్క బావతో మాట్లాడటం మానేసింది. మాట్లాడినా ఒకటే మాట, "ఒక్క ముక్క చదివి ఉంటే నీ సొమ్మేం పోయేది?" ఆయన ఇప్పుడు రోడ్డు మీద ప్రతి బోర్డూ నిలబడి పెదాలు కదుపుతూ చదువుతాడు. చూస్తే జాలేస్తుంది, కోపమూ వస్తుంది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం ఆరోగ్య విభాగం నుంచి ఒకావిడ తూకం యంత్రం పట్టుకుని వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పిల్లను నిలబెట్టి తూచి, "అయ్యో, బాగా పెరిగిందమ్మా. బయటికి పంపి ఆడించాలి" అని అక్కకు చెప్పింది.

"ఎక్కడ?" అంది అక్క.

ఆవిడ వినిపించుకోలేదు. పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తి చూసి, మొహం వెలిగిపోయి, "నువ్వు ఆ బండి మీది పాపవు కదూ! మా ఆఫీసులో అందరికీ నువ్వంటే ఎంతిష్టమో!" అంది. వెళ్తూ వెళ్తూ బుగ్గ గిల్లి, "సన్నబడు తల్లీ, అప్పుడు ఆ బొమ్మ తీసేసి కొత్త బొమ్మ వేయిద్దాం" అని ముద్దుగా చెప్పింది. పాపం, మంచి మనిషే. మంచివాళ్ళను చూస్తే నాకు ఇప్పుడు భయం.

ఆ పూట పిల్ల కంచం ముట్టలేదు. ఆకలి లేదంది. మర్నాడు పొద్దున్నా అంతే. మధ్యాహ్నం డబ్బా ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చింది. అక్క తిట్టింది, బతిమాలింది, ఏడ్చింది. సాయంత్రం పిల్ల గోడకు చేరగిలబడి కూర్చుంది, పెదాలు తెల్లగా పాలిపోయాయి. బావ అన్నం కలిపి, ముద్ద పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు.

"సన్నబడితే బండి మీంచి తీసేస్తారంట నాన్నా. ఆవిడ చెప్పింది. తీసేస్తారు కదూ?" అంది.

అక్క నా వైపు తిరిగి నిలబడింది. అవునంటే పిల్ల ముద్ద ముట్టదు. కాదంటే దానికి మిగిలేదేముంది? ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కిస్తాడనుకున్నాను. ఆయన అబద్ధాలు గోడల మీద ఎన్నో రాశాడు మరి.

"తీయరమ్మా" అన్నాడు బావ. "నువ్వు సన్నబడినా తీయరు, చిక్కి శల్యమైనా తీయరు. వాళ్ళు నిన్ను చూసి అంటించలేదు తల్లీ, వాళ్ళకు నువ్వు అక్కర్లేదు. నువ్వు తిను."

పిల్ల ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఏడుస్తూ నోరు తెరిచింది.