రూతమ్మ దొరువు దగ్గర కౌజుపిట్టలు

అరవైల మొదట్లో నేను నెల్లూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సామాన్యశాస్త్రం చెప్పేదాన్ని. ఒక సెప్టెంబరులో ఋతువుల పాఠం చెబుతుంటే ముందు బెంచీ పిల్ల లేచి, “మన ఊళ్లో ఆకులెప్పుడు రాలతాయి టీచర్?” అని అడిగింది. పాఠంలో ఆకురాలు కాలం సెప్టెంబరులో మొదలవుతుందని ఉంది. అప్పుడు పక్షులన్నీ వెచ్చని దేశాలకు ఎగిరిపోతాయని కూడా ఉంది. కిటికీ బయట వేపచెట్టు నిండుగా, పచ్చగా నిలబడి ఉంది. కాకి ఒక్కటి కూడా ఎక్కడికీ పోయే ప్రయత్నంలో లేదు. పోనీ పంచాంగం చూద్దామంటే అందులో శరదృతువంటే తేటనీళ్లు, పండువెన్నెల. మా నెల్లూరు సీమలో వానలు దంచేది సరిగ్గా ఆ నెలల్లోనే. నాకు తెలియదని చెప్పడానికి నోరు రాక, “కూర్చో, తర్వాత చెబుతా” అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు నా మీద నాకే చిరాకుగా ఉంది.

మా స్కూల్లో ఆయాగా పనిచేసే సువార్త ఆ మాట విని నవ్వింది. “మా అమ్మోళ్ల తోటకు పోండి టీచర్. జువ్వలదిన్నె కాడ. పిట్టలు, ముంగిసలు, ఉడుములు, ఏం కావాలన్నా ఆడ ఉండాయి. మా అమ్మకు కబురు పంపిస్తా” అంది. అలా ఆ శనివారం సెలవు పెట్టి, ఒక నోటుబుక్కు, గొడుగు, హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గర బతిమాలి తెచ్చుకున్న దుర్భిణి సంచిలో పడేసుకుని బయల్దేరాను.

నెల్లూరు నుంచి తెల్లవారుజామున అయిదున్నరకు ప్యాసింజరు. బిట్రగుంటకు టికెట్టు రూపాయి లోపే. ఏడుకు దిగి, స్టేషను బయట రెండు ఇడ్లీలు, కాఫీ అయ్యేసరికి ఒంటెద్దు బండి దొరికింది. కాలువ దాకా రూపాయిన్నర అడిగాడు, రూపాయీ పావలాకు ఒప్పుకున్నాడు. బోగోలు దాటాక దారి పొడవునా దుమ్మే. వాన కోసం దున్ని వదిలిపెట్టిన చేలు, మధ్యలో తాటిచెట్లు. బండాయన “ఎవురింటికి పోతాండారమ్మా?” అని అడిగాడు. పిట్టల్ని చూడటానికని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసి, “నెల్లూర్లో కాకులు లేవా?” అన్నాడు. ఆ తర్వాత కాలువ వచ్చేదాకా ఎద్దుతోనే మాట్లాడుకున్నాడు.

బకింగ్‌హాం కాలువ దగ్గర పడవ మనిషికి అయిదు నయాపైసలు. గడ కర్రతో నాలుగు తోపుల్లో అవతలి గట్టుకు చేర్చాడు. సాయంత్రం చివరి పడవ అయిదింటికని, ఆ తర్వాత వస్తే ఈదుకోవాల్సిందేనని చెప్పాడు. అవతల ఇసుక మొదలు. చెప్పులు చేతపట్టుకుని అరగంట నడిస్తే సువార్త చెప్పిన గుర్తులు కనబడ్డాయి. జీడిమామిడి చెట్లు, వాటి వెనక సవక (సరుగుడు) తోట, ముందు తాటాకు గుడిసె. దూరంగా సముద్రం మోత. అప్పటికి పది కావస్తోంది.

సువార్త అమ్మ రూతమ్మ దొరువులోంచి పైకి వస్తోంది. దొరువంటే బావి కాదు. ఇసుకలో వాలుగా తవ్విన పెద్ద గుంట. అడుగున మోకాలి లోతు నీళ్లు ఊరతాయి. మెట్లు ఉండవు, నడిచి దిగి, ముంచుకుని, నడిచి ఎక్కాలి. రూతమ్మకు యాభై ఏళ్లుంటాయి. చెరొక చేతిలో ఒక్కో కడవ పట్టుకుని, జారే ఇసుకలో మడమలు నొక్కి పెడుతూ ఎక్కుతోంది. ఎక్కాక ఆగి, మోకాలు ఒకసారి నిమురుకుని, అప్పుడు నన్ను చూసి నవ్వింది. “సువార్త చెప్పిన టీచరమ్మ గదా? రామ్మా, నీడన కూసో. ఈ రెండు కడవలూ పోసి వస్తా.”

ఆమె పెంచేది పొగాకు నారు. ఇసుకనేలలో మెత్తగా పెరిగే ఈ నారును వానలు పడగానే మెట్ట ఊళ్ల రైతులు వచ్చి కొనుక్కుపోతారట. మూడు మళ్లు, గోరంత ఆకులతో పచ్చగా ఉన్నాయి. కడవ మూతికి తాటాకు అడ్డం పెట్టి నీళ్లను జల్లులా రాలుస్తుంది, లేకపోతే మొక్క ఒరిగిపోతుంది. రోజుకు మూడుసార్లు అలా తడపాలి. మొదట పోసిన నారు ఎండకు మాడిపోయిందని, ఇది రెండోసారి పోసిందని, ఇంకోసారి పోయడానికి అదను లేదని చెప్పింది. “ఆ రెండు మళ్లు మా ఇద్దరి తిండికమ్మా. ఈ మూడోది వరలబావికి. సిమెంటు వరలు దించి గిలక పెట్టిస్తానన్నాడు మా ఆయన. ఈ ఏడుతో దిగడం ఎక్కడం అయిపోద్ది” అని, మళ్లీ మోకాలు నిమురుకుంది.

నేను వచ్చిన పని చెబితే, దొరువుకు అవతల దూరంగా కంపచెట్ల మొదట్లో ఉన్న ఒక మట్టిపాత్రను చూపించింది. పగిలిన పాత కాగు అడుగు అది. పొద్దున్నే తోడిన తొలికడవ అందులో పోస్తుందట. ఆ వైపు ఇళ్లలో అందరూ అంతే. వానకు ముందు ఈ నెలలో ఎక్కడా నీటిబొట్టు ఉండదు, పిట్టలు తాగి పోతాయి. “కంపకాడ కూసుంటే కనబడతాయిలే. నేను పోయి అన్నం వండుకొస్తా” అని గుడిసె వైపు వెళ్లింది. ఆమె భర్త దేవదానం కంచెకు కంప కొట్టుకురావడానికి పొద్దున్నే వెళ్లాడట.

కంప దగ్గర ఎండ మాడ్చేస్తోంది. పైగా కాగుకు అడ్డంగా కొమ్మలు. దుర్భిణిలో ఆకులు తప్ప ఏమీ ఆనలేదు. నాకు మంచి ఉపాయం తట్టింది, నా ఉపాయాలన్నీ అలాగే ఉంటాయి. కాగును రెండు చేతులా ఎత్తి, నీళ్లు తొణకకుండా తెచ్చి, జీడిమామిడి నీడకు ఎదురుగా, మూడో మడి పక్కన పెట్టాను. ఇసుకలో కుదురుగా నొక్కి కూడా పెట్టాను. తర్వాత చెట్టు మొదట్లో కూర్చుని నోటుబుక్కు తెరిచాను.

నిజం చెప్పాలి, ఆ ముప్పావుగంట నా జీవితంలో నేను మరిచిపోలేనంత హాయిగా గడిచింది. ముందు గోరింకలు రెండు వచ్చాయి. తర్వాత ఒక కాటుకపిట్ట తోక ఆడించుకుంటూ కాగు చుట్టూ తిరిగింది. నెల్లూరులో చలి నెలల్లోనే దాన్ని చూసేదాన్ని. పుస్తకం పక్షులు వెళ్లిపోతాయంటే, ఇది ఇప్పుడే ఎక్కడి నుంచో మా ఊరికి వచ్చింది! ఎంత సంబరపడ్డానో చెప్పలేను. తలపైన తూనీగలు వందలుగా తిరుగుతున్నాయి. ముంగిస ఒకటి గట్టు మీద నిలబడి నన్ను చూసి, నచ్చక వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చాయి కౌజుపిట్టలు. ఎనిమిది. తల్లీ పిల్లలూ కాబోలు, వరసగా తాగాయి. తాగి వెళ్లిపోతాయనుకుంటే పక్కనే ఉన్న తడి మట్టిలోకి దిగి కాళ్లతో గీకడం మొదలుపెట్టాయి. నేను రాసుకున్నది ఇప్పటికీ గుర్తుంది: “కౌజులు ఎనిమిది. ఎంతో హుషారుగా నేలను గీకి పురుగులు ఏరుకుంటున్నవి. ఇరవై నిమిషాల నుండి.” చక్కటి దస్తూరీతో రాశాను.

“ఏందమ్మా ఇది!” అన్న కేకకు తలెత్తాను. అన్నం గిన్నె పట్టుకుని రూతమ్మ నిలబడి ఉంది. కౌజులు బుర్రుమని లేచిపోయాయి. “కాగు ఈడికెట్టా వచ్చింది?”

అప్పుడు చూశాను మడిని. అంతసేపూ దాని ఎదురుగానే కూర్చుని, పిట్టల్ని చూశాను తప్ప వాటి కాళ్ల కింద ఏముందో చూడలేదు. సగానికి పైగా మడి కోళ్లు కెలికిన పెంటలా ఉంది. గోరంత మొక్కలు వేళ్లు పైకి తేలి ఎండలో పడి ఉన్నాయి. “నేనే తెచ్చి పెట్టానమ్మా, బాగా కనబడతాయని” అన్నాను. రూతమ్మ గిన్నె కింద పెట్టి, “అంత దూరాన ఎందుకు పెట్టినాననుకున్నావు తల్లీ. తడి నేల కనబడితే గీకకుండా ఉంటాయా అవి” అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత తిండి ఊసు ఎవరికీ లేదు. ఆమె చీర చెంగు తడుపుకుని వచ్చింది. పడి ఉన్న మొక్కల్ని ఒక్కొక్కటిగా ఏరి అందులో పెట్టాం. సన్నపుల్లతో బెజ్జం చేసి, వేరు దించి, రెండు వేళ్లతో నొక్కి, పైన తాటాకు కప్పాలి. నేను మొదట నాటిన పది మొక్కలనూ ఆమె మళ్లీ తీసి నాటింది. “మెడ నొక్కబాక. వేరు కాడ నొక్కు.” మధ్యాహ్నం రెండింటికి దేవదానం కంపమోపుతో వచ్చి విషయం విని, మోపు అక్కడే విసిరేశాడు. “పిట్టల్ని చూడ్డానికి వచ్చినావా, మా కొంప ముంచడానికి వచ్చినావా? బడిలో నీకు చెప్పినోళ్లెవరు?” అని అరిచాడు. “నువ్వు ఊరుకో. నోరు పారేసుకునే బదులు నాలుగు కడవలు తెచ్చిపొయ్యి” అంది రూతమ్మ. ఆయన గొణుక్కుంటూనే కడవలు తీసుకుని దొరువులోకి దిగాడు.

అయిదింటి పడవ వెళ్లిపోయింది. నేను అడగలేదు, వాళ్లూ గుర్తు చేయలేదు. పొద్దు వాలేదాకా నాటుతూనే ఉన్నాం. రాత్రి పెట్టిన సంగటి, ఎండుచేపల పులుసు తిని ఆ గుడిసెలోనే పడుకున్నాను.

ఆదివారం తెల్లారి లేచేసరికి రూతమ్మ తొలికడవతో పైకి వస్తోంది. మడి వైపు కాదు, కంప వైపు నడిచింది. కాగు మళ్లీ పాతచోటికి చేరి ఉంది. ఇంత జరిగాక కూడా వాటికి నీళ్లా అని అడిగాను. “అవేం చేసినాయమ్మా? నువ్వు పిలిచినావు, వచ్చినాయి” అంది. తాటాకులు ఎత్తి చూస్తే నాటినవాటిలో సగానికి పైగా తల నిలబెట్టి ఉన్నాయి. ఆ పూట వాళ్లు చర్చికి తయారవుతుంటే నేను కాలువ దారి పట్టాను. ప్రాణం కాస్త కుదుటపడింది. తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాను.

వానలు మొదలైన పదిహేను రోజులకు సువార్త ఊరికి వెళ్లి వచ్చింది. ఆత్రంగా అడిగాను. “రెండు మళ్లూ అమ్మినారు టీచర్. మూడోది అమ్మలేదు.” బతకలేదా అన్నాను. “బతికింది. బాగానే ఎదిగింది. కానీ అంత లేతగా ఉండగా ఊడి మళ్లీ నాటిన మొక్కకు వేరు వంకర తిరుగుద్దంట. చేలో నిలబడదు. రైతులు అడిగినా మా అమ్మ ఇయ్యనంది. తెలిసి తెలిసి ఎట్టా ఇచ్చేదని. వరలబావి ఇంక వచ్చే ఏటికే.” నష్టం నేను పెట్టుకుంటానని చెప్పి పంపితే రూతమ్మ ఒప్పుకోలేదు. “అంత బాధగా ఉంటే వచ్చే ఏడు నారు పోసినప్పుడు వచ్చి రెండు కడవలు మొయ్యమను” అందట. నవ్వుతూ అందని సువార్త చెప్పింది.

మరుసటి సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షల సెలవులకు నిజంగానే వెళ్లాను. దుర్భిణి తీసుకెళ్లలేదు. దేవదానం నన్ను చూసి ఏమీ అనకుండా రెండు చిన్న కడవలు నా ముందు పెట్టాడు. మొదటిరోజు పదిసార్లు ఎక్కకముందే కడవలు దించి కూలబడ్డాను. ఇసుక కిందికి లాగుతుంది, నీళ్లు చేతుల్ని లాగుతాయి, పైకి చేరేసరికి సగం తొణికిపోతాయి. ఆరు రోజులు మోశాను. నేను ముప్పైకి లోపు మనిషిని. నా పక్కనే ఆ యాభై ఏళ్ల మనిషి, నా వల్ల ఇంకో ఏడాది మోయాల్సి వచ్చిన రెండు కడవలతో, మడమలు నొక్కుకుంటూ ఎక్కుతోంది. ముందటేడు ముప్పావుగంట హాయిగా కూర్చుని నేనేం తీసుకున్నానో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను.

ముందు బెంచీ పిల్లకు మాత్రం మొదటి ఏడే జవాబు చెప్పాను. మన వైపు ఈ నెలలో ఆకులు రాలవు, పిట్టలు పోవు, వస్తాయి, అందరూ వాన కోసం చూస్తుంటారు అని. ఇప్పుడు ఆ తీరానికి వెళ్లేవాళ్లకు పడవ అక్కర్లేదు, కావలి నుంచి తారురోడ్డు ఉంది. మంచి కెమెరాలూ ఉన్నాయి. సెప్టెంబరు నెలాఖరులో, పొద్దున పదిలోపు వెళ్లండి, కాటుకపిట్టలు కనబడతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎవరి తోటలోనైనా పిట్టల కోసం పెట్టిన నీళ్లుంటే, బాగా కనబడటం లేదని వాటిని జరపకండి. ఎండగా ఉన్నా సరే, మీరే జరిగి కూర్చోండి.