అవ్వ చేతిలో హెడ్‌లైటు

మా చిన్నప్పుడు... కారు చెడిపోతే మెకానిక్కును పిలవడమంటే మా నాయినకు తలకొట్టేసినట్టు ఉండేది. పెరియంపట్టిలో మా ఇంటి వాకిట్లో ఆ ఆదివారం కూడా అదే తంతు. పాత నల్ల కారు కింద గోనెసంచి పరుచుకుని దూరాడు. బయటికి కనిపించేవి రెండు కాళ్ళే.

క్లచ్ ప్లేటు అరిగిపోయింది. మిట్ట ఎక్కాలంటే కారు అరిచేదే గాని కదిలేది కాదు. పైగా హెడ్‌లైట్ల వైర్లు ఎలుకలు కొరికేశాయి. రెండు పనులూ ఆ ఒక్క రోజులోనే ముగిస్తానని నాయిన పట్టు...

అమ్మకు మాత్రం పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. కారణం మా పిన్ని, అమ్మ చెల్లెలు. వాళ్ళమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి తొలికాన్పుకు పిన్ని పుట్టిల్లు మా ఇల్లే. నెలలు నిండాయి. ఊళ్ళో ఉన్నది ఈ ఒక్క కారు... అదేమో పేగులన్నీ బయటేసుకుని కూర్చుంది!

“ఇదో, ఈ దినమే విప్పాల్నా ఆ వండిని? చెల్లికి నొప్పులొస్తే ఏమి చేస్తారు?” అని అమ్మ అరిచింది. తమిళం కలిసిన మా మాటలో బండిని వండి అంటాం.

కారు కింద నుంచి జవాబు వచ్చింది. “ఇంకా టైముండాదని డాక్టరమ్మ చెప్పింది కదా! సాయంత్రానికి వండి గుర్రం మాదిరి పోతుంది, చూడు.”

పిన్ని నడుం పట్టుకుని నడవలో అటూ ఇటూ తిరిగేది. నేను వంటింటికీ వాకిలికీ మధ్య తిరిగేదాన్ని. నన్ను ఎవరూ ఏ పనీ అడగలేదు... అయినా కూర్చోబుద్ధి కాలేదు.

పొద్దు వాలేసరికి నొప్పులు రానే వచ్చాయి. టౌను బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం.

అప్పటికి నాయిన గేర్‌బాక్సు ఎక్కించేశాడు. క్లచ్ పెడల్ కమ్మీని కింది భాగంతో కలిపే చిన్న పిన్ను ఒక్కటి పెడితే చాలు. గోనెసంచి మీద చెయ్యి తడిమాడు... పిన్ను లేదు.

మా అవ్వ, అంటే నాయిన వాళ్ళమ్మ, వాకిలి ఊడ్చేసింది! ఇంట్లో నొప్పులు రానీ, ఆకాశం విరిగి పడనీ... సందెవేళ వాకిలి ఊడవకుండా ఆమె ప్రాణం ఊరుకోదు. గోనెసంచిని కూడా శుభ్రంగా దులిపి మళ్ళీ పరిచింది.

“నా పిన్ను యాడమ్మా?”

“నాకేమి తెలుసురా! చెత్త మాదిరి ఉన్నింది, ఊడ్చినాను.”

నాయిన ఒక మేకు పెట్టి చూశాడు. ఒక్క తొక్కుకే వంగిపోయింది. లాంతరు పట్టుకుని పేడదిబ్బకు పరుగెత్తాడు, చేతులతోనే కెలికాడు. లోపల పిన్ని అరుస్తోంది. అమ్మ వాకిట్లోకి వచ్చి నాయినను తిడుతుంది, మళ్ళీ లోపలికి పరుగెత్తుతుంది. నేనూ ఆమె వెనకే పరుగు...

అవ్వ కాసేపు చూసి తీరిగ్గా అడిగింది. “దిబ్బలో ఏమి వెతుకుతావురా?”

“నువ్వు ఊడ్చిన పిన్నునే!”

“దీపం పెట్టినాక ఊడ్చినాను. అప్పుడు చెత్త బయటేస్తే లక్ష్మి పోదా? తలుపు మూల చేటలో ఉండాది, పో.”

తల్లిని తిట్టాలో మొక్కాలో నాయినకు తెలియలేదు. చేటలో చింతాకు మధ్య పిన్ను దొరికింది. క్లచ్ పని అయిపోయింది.

ఇక లైట్లు... ఒక్కదానికే కొత్త వైరు లాగాడు. ఆ వైరు పొట్టిది, అతుకు మెలిపెట్టినా ఊడిపోతోంది. టేపు అయిపోయింది. రెండు కొసలనూ ముందు సీటు దాకా తెచ్చి, “వీటిని ఆనించి పట్టుకోవాల. వదిలితే లైటు పోతుంది” అన్నాడు. నేను చెయ్యి చాపాను.

“పిల్లకు షాకు కొడితే? నేను పట్టుకుంటా” అని అవ్వ లాక్కుంది. తనకు కొడితే ఫరవాలేదన్నమాట! ముందు సీట్లో నాయిన, నేను, అవ్వ. వెనక అమ్మ ఒడిలో పిన్ని తల. ధర్మపురి ఆస్పత్రికి బయలుదేరాం.

కొంచెం దూరం బాగానే పోయాం. ఉన్నట్టుండి ముందంతా చీకటి! ఎదురుగా లారీ వస్తోంది. నాయిన బ్రేకు మీద నిలబడ్డాడు. చూస్తే అవ్వ రెండు చేతులూ జోడించి ఉంది... రోడ్డు పక్కన మునియప్ప గుడి వచ్చింది మరి!

“అమ్మా! దండం వద్దు, వైరు పట్టుకో!” అని నాయిన కేక.

మళ్ళీ కదిలాం. ఇంకాస్త దూరంలో మారెమ్మ గుడి. అందరి కళ్ళూ అవ్వ చేతుల మీదే. ఆమె వేళ్ళు వైరును ఇంకా గట్టిగా నొక్కాయి. గుడి వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

“తల్లీ, ఈ దినం చేతులు ఖాళీ లేదు. నోటితోనే పెడతావుండాను దండం. దాన్నే తీసుకో, ఎత్తుకో!”

అంత నొప్పిలోనూ పిన్ని నవ్వింది. ఆ నవ్వు వినగానే నా భయం సగం పోయింది.

ఆస్పత్రి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఇప్పటికీ ఇంట్లో అందరికీ అది ‘లైటు’.

లైటు ఇప్పుడు సొంత కారు నడుపుతుంది. ఆ కారుకు క్లచ్ పెడలే లేదు. చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలుగుతాయి. మొన్న ఒక లైటు పోతే బానెట్ ఎత్తబోయాను... “అక్కా, తాకొద్దు, వారంటీ పోతుంది” అంది. షోరూములో వదిలేసి, ఫోనుకు మెసేజి ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చున్నాం. ఏ పనీ లేకుండా ఎదురుచూడటం నాకు ఇప్పటికీ చేతకాదు.

నాయినా లేడు, అవ్వా లేదు. కారు ఎప్పుడో పాత ఇనుమైపోయింది. కానీ ఆ దారిలో మారెమ్మ గుడి వస్తే నా చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని విడవవు. నోటితోనే పెడతాను దండం.

మీ ఇంట్లోనూ ఇలాంటి వండి ఒకటి ఉండే ఉంటుంది కదా... చెప్పండి. తమిళ బళ్ళలో చదివిన మనవాళ్ళలో చాలామందికి తెలుగు రాయడం రాదని నాకు తెలుసు. ఫరవాలేదు, వాయిస్ పెట్టండి, నోటితోనే చెప్పండి... ఎత్తుకుంటాను.