తలుపు మూయని బోను

మా తమ్ముడు గోరిమేడు ఆస్పత్రిలో మనసు జబ్బుకు వైద్యం చేయించుకుని మా ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే మా ఆయన కుక్కపిల్లను తెచ్చాడు. వాడికి తోడుగా ఉంటుందనుకున్నాడు. వాడు దాన్ని ఒకసారి చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ముత్తియాల్‌పేటలో మాది మేడమీది ఇల్లు. మేము దగ్గితే కింద ఇంటామెకు వినిపిస్తుంది. కుక్కపిల్లను రాత్రిపూట బోనులో పడుకోబెట్టి అలవాటు చేయమని, ఏడ్చినప్పుడల్లా బయటికి తీస్తే ఏడుపే నేర్చుకుంటుందని పశువుల డాక్టరు చెప్పాడు. పాత చీర మెత్తగా మడిచి పరిచి, కుక్కపిల్లను లోపలికి పంపి గడియ పెట్టాను. దీపం ఆర్పగానే మొదలుపెట్టింది. మొదట మూలుగు, తర్వాత ఏడుపు, తర్వాత కమ్మీలు గోకడం. తల్లిని వదిలి వచ్చిన మొదటి రాత్రి కదా అనుకుంటూ చెవుల మీదికి దుప్పటి లాక్కున్నాను.

పొద్దున్నే కింద ఇంటామె మెట్ల దగ్గర నిలబడింది.

"ఏందమ్మా, రాత్రంతా అట్ల అరస్తా ఉండాది?"

ఆమె చూపు నా భుజం మీదుగా తమ్ముడి గదివైపు పోయింది. అడుగుతున్నది కుక్కపిల్ల గురించేనా అని నాకు అనుమానం వచ్చింది.

"కుక్కపిల్ల అత్తా. కొత్త కదా, కొంచెం ఓర్చుకో," అన్నాను.

ఆ రాత్రీ అదే ఏడుపు. కాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి భయమేసి లేచి వెళ్లాను. తమ్ముడు బోను ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరిచి ఉంది. కుక్కపిల్ల లోపల చీర మీదే పడుకుని, మూతి మాత్రం వాడి అరచేతిలో పెట్టింది. వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది.

"ఏడస్తే తియ్యొద్దన్నాడు కదరా డాక్టరు," అన్నాను మెల్లగా.

"నువ్వు గడియ పెట్టే చప్పుడు నాకు వినపడతా ఉండాది అక్కా."

అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆస్పత్రిలో మొదట్లో వాణ్ణి తలుపు వేసి ఉంచే వార్డులో పెట్టారు. అక్కడి సంగతులు ఎన్నిసార్లు అడిగినా వాడు చెప్పలేదు.

"ఆడ నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు, మంచోళ్లే. అన్నం తింటివా అని రోజూ అడుగుతారు. అయినా నేను ఏడవలేదక్కా. ఏడస్తే ఇంకా కొన్నాళ్లు పెట్టుకుంటారేమో అని భయం. ఇది పావం, దానికి అదంతా తెల్దు."

నేను వాడి పక్కనే నేలమీద కూర్చున్నాను.

మర్నాడు బోనును వాడి గదిలోకి జరిపి, తలుపు మూసుకోకుండా తాడుతో కట్టేశాను. మా ఆయనకు కోపం వచ్చింది. "డాక్టరు చెప్పిందేంది, మీరు చేసేదేంది?" అన్నాడు. ఆయన కోపానికి తగ్గట్టే కుక్కపిల్ల ఇల్లంతా తిరిగి తడిపింది, ఆయన చెప్పు కొరికింది. కానీ తమ్ముడు బోను పక్కన చాప వేసుకుని చేయి లోపల పెట్టి పడుకుంటే, అదీ వచ్చి ఆ చేతి పక్కన పడుకునేది. రానురాను దీపం ఆర్పగానే తనంతట తనే లోపలికి పోవడం నేర్చుకుంది. కింద ఇంటామె అరుపుల సంగతి ఎత్తడం మానేసింది. గండం గడిచిందనుకున్నాను.

వానలు మొదలయ్యాక తమ్ముడు మళ్లీ తనలో తను మాట్లాడుకోసాగాడు. ఒకరోజు బోనులో చీర ఉతుకుదామని లాగితే, మడతల్లోంచి వాడి మాత్రలు రాలాయి. వాటిని గబగబా ఏరాను.

"ఇది మింగి ఉంటే ఏమయ్యేదిరా?"

వాడు కుక్కపిల్లను ఎత్తుకుని దాని నోరు తెరిచి చూశాడు. మళ్లీ మళ్లీ చూశాడు. "అవి వేసుకుంటే తల రాయి మాదిరి అయితాదక్కా. నీతో చెప్తే నన్ను మళ్లీ ఆడికి పంపిస్తావని..." అని ఏడ్చేశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు ఏడవడం అదే మొదలు.

మర్నాడే ఆటోలో గోరిమేడు ఆస్పత్రికి, పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. దారంతా వాడు నా చెయ్యి వదల్లేదు. ఆయన వాణ్ణి చేర్చుకోలేదు. మందు మార్చి, ఎవరైనా దగ్గరుండి వేయించాలన్నాడు.

ఇప్పుడు రాత్రి భోజనం కాగానే వాడు నా ఎదుటే మాత్ర మింగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తాడు. నా చేతుల్లో పెరిగిన తమ్ముడు. చూడాలనిపించదు. అయినా చూస్తాను.