రెడ్డెమ్మ వచ్చిన మూడో గురువారం

ఈ రోజు కడపలో మా ఆసుపత్రికి మైదుకూరు నుంచి రెడ్డెమ్మ మళ్ళీ వచ్చింది. వేరుశనగ ఎండిపోయాక ఆమె భర్త పురుగుమందు తాగి చనిపోయాడు. డాక్టరు నిద్రమాత్రలు రాసి, మనసులోది చెప్పుకొమ్మని ఆమెను కౌన్సెలింగ్‌కు, అంటే నా దగ్గరికి, పంపారు.

నేనింకా శిక్షణలోనే ఉన్నాను. లైసెన్సు చేతికొచ్చేదాకా, నేర్పే సారు పక్కన లేకుండా ఎవరి బాధా వినకూడదని నియమం. గురువారాల్లో కర్నూలు నుంచి వచ్చే ఆయన బదిలీ అయి నెల దాటింది. ఆ స్థానంలో ఇంకెవరినీ వేయలేదు.

"ఆ సారు ఈ పొద్దు గూడా రాల్యాదా?" అంది రెడ్డెమ్మ.

"రాలేదు. ఆయన లేకుండా నువ్వు చెప్పేది నేను వినకూడదు."

"చెవులుండేది నీకు గదమ్మా, వినేదానికి ఆయప్పెందుకు?" అని కాసేపు ఆలోచించి, "సరే, నేను చెప్పనులే. నువ్వే ఏమన్నా చెప్పు, నేను వింటా" అంది.

నవ్వొచ్చింది. అదీ కుదరదని చెప్పేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. నియమం తప్పనీ అనలేను. అరకొర చదువుతో నేను చెప్పే మాట ఆమెను ఎటు నెడుతుందో నాకే నమ్మకం లేదు. కానీ నేను వినకపోతే ఇంకెవరు వింటారో కూడా తెలియదు.

మీరైతే తలుపు వేసుకుని వినేవారా? చెప్పండి. నేను మాత్రం వచ్చే గురువారం రమ్మన్నాను. ఆ రోజూ ఎవరూ రారని తెలిసే చెప్పాను.

"వస్తాలేమ్మా" అని, నా మొహం చూడకుండా లేచి బస్సుకు వెళ్ళిపోయింది.